సైకిలు దీపము ఆరిపోవుట ఎందుకు?

ఖమ్మము నుండి సత్తుపల్లి మీదుగా జంగారెడ్డిగూడెమునకు, అటనుండి రాజమహేంద్రవరమునకు పోవు బాటలో అశ్వారావుపేట యున్నది. పాల్వంచ సంస్థానము నేలిన అశ్వారావుల పేరు నేటికిని ఈ ఊరి పేరులో నిలిచియున్నది. ఊరు దాటి కొద్దిదూరము పోయిన జీలుగుమిల్లి వచ్చును. ఈ రెంటి నడుమ గీత ఎన్ని మారులో పేరు మార్చుకొన్నది. ఒకప్పుడు ఇటు హైదరాబాదు సంస్థానము, అటు మద్రాసు రాజధాని. 1953 నుండి అటు ఆంధ్ర రాష్ట్రము. 1956 తరువాత అది రెండు జిల్లాల నడుమ హద్దు మాత్రమే. 2014 నుండి మరల రెండు రాష్ట్రముల హద్దు. గీత ఎట్లు మారినను బాట మాత్రము అదే. ఇరుప్రక్కల పామాయిలు తోటలు, జీడిమామిడి తోటలు, వాని వెనుక భద్రాచలము వైపు సాగు అడవి. ప్రొద్దు గ్రుంకిన తరువాత ఈ బాటపై గెలలు మోయు ట్రాక్టర్లును, లారీలును, వాని నడుమ సంత నుండియు బడి నుండియు ఇల్లు చేరు సైకిళ్లును సాగుచుండును.

అట్టి సైకిలు ఒకదానికి వెనుక చిన్న ఎఱ్ఱదీపము కలదనుకొందము. అంగడిలో చవుకగా దొరకు ప్లాస్టిక్కు దీపము. దానిలో రెండు సన్నని సెల్లులు, రెండు మూడు డయోడులు, ఒక రబ్బరు మీట ఉండును. కొన్న వారము దినములు బాగుగా వెలిగినది. తరువాత గతుకులో పడినప్పుడెల్ల ఆరిపోవుచున్నది. ఇందులో ఒక చిత్రము కలదు. పాతకాలపు టార్చిలైటు ఆరినచో అరచేత నొక చరుపు చరిచినంతనే వెలిగెడిది. ఈ దీపమును ఎంత చరిచినను వెలుగదు. మీట నొక్కినచో మాత్రము క్రొత్తదానివలె వెలుగును. అంతకంటె ముఖ్యమైన విషయము మరియొకటి యున్నది. అది వెనుకనున్న దీపము. అది ఆరిన సంగతి దానిని మోసికొని పోవు విద్యార్థికి తెలియదు. తెలియవలసినది వెనుక వచ్చు లారీ నడుపువానికి, కాని వానికి కనబడుట లేదు.

దీపము ఎందు కారినది? డయోడు చెడినదా, సెల్లు అయిపోయినదా, మరి యేదైన కారణమా? ఈ ప్రశ్నకు సరియైన జవాబు దొరకవలెనన్న సైకిలు దీపము ఏయే దశలు గడచి వచ్చినదో చూచుట మేలు. ఏలయన ప్రతి దశలోను వెలుగు నిచ్చు పదార్థము మారినది కాని, చెడు చోటు మాత్రము పెద్దగా మారలేదు.

జర్మనీలో కార్ల్ వాన్ డ్రాయిస్ 1817లో నడిపిన రెండు చక్రముల బండికి దీపముతో పని లేకపోయెను. దానికి పెడళ్లు లేవు. కాళ్లతో నేలను తన్నుచు పోవలెను. 1860ల ప్రాంతమున ఫ్రాన్సులో ముందు చక్రమునకు పెడళ్లు అమర్చిరి. పెడలు ఒక చుట్టు తిరిగిన చక్రమును ఒక చుట్టే తిరుగును గనుక, వేగము కోరువారు ముందు చక్రమును మనిషి ఎత్తు వరకు పెంచిరి. ఈ ఎత్తు చక్రపు బండ్ల కాలముననే సైకిలు దీపము నిజముగా పుట్టినది. దానిని చక్రపు ఇరుసుకు వ్రేలాడదీసెడివారు. చక్రము తిరుగుచుండ దీపము చువ్వల నడుమ నిలువుగా వ్రేలాడుచు రోడ్డును చూపెడిది. ఇంగ్లండులో బర్మింగ్‌హాము నగరమున జోసెఫ్ లూకాసు అను వర్తకుడు ఇట్టి నూనె దీపములు తయారుచేసి పేరుపొందెను.

నూనె దీపమునకు వత్తి ప్రాణము. గతుకు వచ్చినప్పుడు నూనె చిందును, మంట ఊగి ఆరును, పొగ పట్టి అద్దము నల్లబడును. కాబట్టి ఆనాటి సైకిలు తొక్కువాడు జేబులో అగ్గిపెట్టె, గుడ్డపేలిక తప్పక ఉంచుకొనెడివాడు. 1885లో జాన్ కెంప్ స్టార్లీ రోవరు సైకిలును, 1888లో డన్‌లపు గాలి టైరును తెచ్చిన తరువాత సైకిలు సామాన్యుని బండి యయ్యెను. గాలి టైరు మూలమున కుదుపు తగ్గుటచే దీపమునకును మేలు జరిగెను. అదే 1888లో బ్రిటిషు పార్లమెంటు చేసిన స్థానిక ప్రభుత్వ శాసనమున ఒక చిన్న నిబంధన చేరినది. సూర్యాస్తమయమునకు తరువాత ఒక గంట నుండి సూర్యోదయమునకు ముందు ఒక గంట వరకు సైకిలు నడుపువాడు దీపము వెలిగింపవలెను. ఇట్టి నిబంధనయే మన దేశములోని పట్టణములలోనికి కూడ వచ్చినది. దీపము లేని సైకిలు నాపి చీటి వ్రాయు పోలీసు జవాను మన పట్టణములలో రెండు మూడు తరముల వారికి బాగుగా తెలిసిన మనిషి. పల్లెలలో జవాను లేడు, సైకిలు దీపము కొను డబ్బును లేదు. అక్కడ హరికేన్ లాంతరునే హాండిలుకు తగిలించి, ఒక చేత హాండిలు, ఒక చేత లాంతరు ఊగకుండ పట్టి నడుపుట వాడుక.

నూనె వెలుతురు చాలక, విద్యుత్తు ఇంకను సైకిలు దాక రాక, నడుమ నొక ఇరువదేండ్లు రసాయన శాస్త్రము రోడ్డును వెలిగించినది. ఎసిటిలీను వాయువును 1836లో ఎడ్మండు డేవీ కనుగొనెను. కాల్షియం కార్బైడును నీటిలో వేసిన ఎసిటిలీను వచ్చునని 1862లో వోలరు చూపెను. కాని కార్బైడు చవుకగా దొరకుట 1892 తరువాతనే. అమెరికాలో థామస్ విల్‌సన్ విద్యుత్ కొలిమిలో సున్నమును, బొగ్గును కాచి మరియొక లోహమును పొందవలెనని ప్రయత్నించుచుండగా ఈ కార్బైడు అనుకోకుండ చేతికి వచ్చెను.

కార్బైడు దీపము నిర్మాణము మిక్కిలి తెలివియైనది. పై గదిలో నీరు, క్రింది గదిలో కార్బైడు ముక్కలు. నడుమ ఒక సన్నని సూది మర. మరను కొంచెము త్రిప్పినచో నీరు బొట్టు బొట్టుగా క్రిందికి దిగును. బొట్టు తగిలినంతనే ఎసిటిలీను పుట్టి గొట్టము గుండ పైకి వచ్చి రెండు రంధ్రముల వద్ద మండును. మిగిలినది సున్నపు ముద్ద. లెక్కకు 64 గ్రాముల స్వచ్ఛమైన కార్బైడు నుండి 26 గ్రాముల ఎసిటిలీను, అనగా సాధారణ ఉష్ణోగ్రత వద్ద దాదాపు 24 లీటర్ల వాయువు వచ్చును. ఎసిటిలీను బరువులో పదమూడింట పండ్రెండు పాళ్లు కర్బనమే. మంటలో ఆ కర్బన కణములు ఎఱ్ఱగా, ఆపై తెల్లగా కాగి వెలుగు నిచ్చును. అందుచేతనే దాని మంట కిరసనాయిలు మంటకంటె అంత తెల్లగా ఉండెడిది.

ఇంత చక్కని దీపము గూడ ఎక్కడ చెడెడిది? కార్బైడులో కాదు, నీటిలో కాదు, సూది మొనవంటి ఆ రంధ్రములలో. సున్నపు ధూళియో, మసియో అడ్డుపడినచో మంట వంకర పోవును, పిమ్మట ఆరును. దానిని బాగుచేయుటకు కావలసినది సన్నని తీగ ముక్క యొకటి. ఎసిటిలీను గాలితో కలిసిన ప్రేలుడు స్వభావము పొందును గనుక ఈ దీపమును ఇంటిలో చేసి చూడవలెనని విద్యార్థులు ఉత్సాహపడరాదు. మామిడికాయలు మాగవేయుటకు కార్బైడును వాడుట కూడ మన దేశమున ఆహార భద్రతా నిబంధనలచే నిషేధింపబడినది. దానిలోని మలినముల వలన విష వాయువులు పుట్టుటయే అందుకు ముఖ్య కారణము. కార్బైడు తడిసినప్పుడు వచ్చు వెల్లుల్లివంటి వాసన ఆ మలినములదే గాని శుద్ధమైన ఎసిటిలీనుది కాదు.

ఇక డైనమో. దీని మూలము 1831లో మైకేల్ ఫారడే చేసిన ప్రయోగమున నున్నది. తీగచుట్ట దగ్గర అయస్కాంతమును కదల్చినచో తీగలో విద్యుత్తు పుట్టునని ఆయన చూపెను. సైకిలు డైనమోలో టైరును రాచుకొని తిరుగు చిన్న చక్రము లోపలి అయస్కాంతమును త్రిప్పును. దాని చుట్టునున్న తీగచుట్టలో ఏకాంతర విద్యుత్తు పుట్టును. జర్మనీలో రాబర్టు బాష్ సంస్థ 1923లో సైకిలు దీపముల తయారీ ప్రారంభించెను. ఇంగ్లండులో 1936లో చక్రపు హబ్బులోననే డైనమోను ఇమిడ్చిరి. కాని మన రోడ్లపై ఎక్కువగా కనబడినది సీసావలె నుండి టైరుకు ఆనుకొను డైనమోయే. స్వాతంత్ర్యానంతరము మద్రాసు వద్ద అంబత్తూరులోను, ఆసన్‌సోలులోను, సోనీపట్టులోను, లూధియానాలోను సైకిళ్ల కర్మాగారములు వెలసి సైకిలు మన పల్లెలకు చేరిన దినములలో, డైనమో గల సైకిలు ఇంటికి గౌరవచిహ్నము. చీకటిలో గుర్రుమను దాని చప్పుడు విని ఎవరు వచ్చుచున్నారో చెప్పగలిగిన ఊళ్లుండెడివి.

అనేక డైనమోల అంచనా 6 వోల్టులు, 3 వాట్లు. అందులో ముందు దీపమునకు 2.4 వాట్లు, వెనుక దీపమునకు 0.6 వాట్లు. రెండు దీపములకు కలిపి ప్రవాహము సగము ఆంపియరు. ఇక్కడ ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగిన సంగతి యొకటి కలదు. సైకిలు వేగము హెచ్చిన కొలది వోల్టేజి హెచ్చి బల్బు కాలిపోవలెను గదా? అట్లు జరుగదు. వేగముతోపాటు ప్రవాహము దిశ మారు వేగమును హెచ్చును. దానితో తీగచుట్ట ప్రవాహమునకు కలిగించు అడ్డంకి కూడ అదే పాళ్లలో హెచ్చును. ఒకటి తోయుచుండ రెండవది నిలుపుచుండుటచే ప్రవాహము సగము ఆంపియరు దగ్గర నిలిచిపోవును. ఎట్టి యంత్ర నియంత్రణము లేకుండ తన్ను తాను అదుపులో నుంచుకొను ఈ గుణము డైనమోలోని అందము.

అయితే ఈ గుణమే ఒక్కొక్కప్పుడు చేటు తెచ్చును. వెనుక బల్బు కాలిపోయినదనుకొందము. డైనమో తన సగము ఆంపియరును త్రోయుట మానదు. ఆ ప్రవాహమంతయు ఇప్పుడు ముందు బల్బు గుండనే పోవలెను. కొద్ది సేపటికి అదియు కాలిపోవును. రెండు బల్బులు ఒకేమారు పోయినవని దుకాణమునకు వచ్చువాడు డైనమోను నిందించుట సహజము. నిజమునకు మొదటి దోషి వెనుక మడ్‌గార్డు మీది చిన్న బల్బు, లేక దానికి పోవు తీగ.

మరియొక విశేషము. డైనమో నుండి దీపమునకు పోవు తీగ ఒక్కటే. విద్యుత్తు పోవుటకు ఒక దారి, తిరిగి వచ్చుటకు ఒక దారి ఉండవలెనని పాఠములో చదివిన విద్యార్థి రెండవ తీగ యేదని అడుగవలెను. రెండవ తీగ సైకిలే. దాని ఇనుప చట్రము గుండ ప్రవాహము తిరిగివచ్చి వలయము పూర్తియగును. డైనమోను ఫోర్కుకు బిగించు పట్టీలో మొన దేలిన చిన్న మరమేకు ఒకటి యుండును. అది రంగును చీల్చుకొని ఇనుమును తాకవలెను. క్రొత్త సైకిలుకు డైనమో బిగించి దీపము వెలుగలేదని వచ్చినవారికి అనుభవశాలి యగు మెకానిక్కు మొదట చేయు పని ఆ మరమేకును మరి రెండు చుట్లు బిగించుట. పాత సైకిలైన త్రుప్పు గోకుట. డైనమో వెనుక చక్రమునకున్నచో ముందు దీపపు తిరుగు దారి హాండిలు క్రింది గుండ్ల గుండ పోవలెను. ఆ గుండ్ల నడుమ గ్రీజు ఉండును. గ్రీజు విద్యుత్తును పోనీయదు. అందుచే అట్టి సైకిళ్ల దీపము హాండిలు త్రిప్పినప్పుడెల్ల కన్నుకొట్టెడిది.

డైనమోకు పోగొట్టుకొనరాని సుగుణము, పోగొట్టుకొనలేని దోషము రెండును ఒకటే. అది కాలి బలముతో నడచును. సెల్లు కొననక్కర లేదు. కాని సైకిలు నిలిచినచో దీపము నిలిచిపోవును. వాన కురిసినచో టైరుపై చక్రము జారును. తునికాకు కట్టలో, గడ్డిమోపులో ఎత్తుకొని ఎగువ బాటలో మెల్లగా నడుపువానికి వెలుతురు మిణుగురు పురుగంత. అపాయము ఎక్కువగా నుండు సమయమున దీపము తక్కువగా నుండుట ఏ విధముగను మెచ్చదగినది కాదు.

వెనుక దీపము విషయమున ఇంగ్లండులో పెద్ద వాదమే నడచినది. 1927లో చేసిన శాసనము వెనుక దీపమైనను, ఎఱ్ఱని పరావర్తకమైనను చాలునన్నది. ఆనాటి సైకిలు సంఘములవారు తప్పనిసరి వెనుక దీపమునకు ఒప్పుకొనలేదు. ఆరినచో నడుపువానికి తెలియని దీపము మీద ప్రాణము లెట్లు పెట్టుదురని, ఎదుట నున్నదానిని చూచు బాధ్యత మోటారు నడుపువానిదేనని వారి వాదము. రెండవ ప్రపంచ యుద్ధకాలమున వీధి దీపము లన్నియు ఆర్పివేసిన చీకటిలో ఆ వాదము నిలువలేకపోయెను. అయినను అందులో సగము నిజము కలదు. ఆ సగమే అశ్వారావుపేట బాటపై మన విద్యార్థికి వచ్చిన చిక్కు.

దీనిని ఒక లెక్కగా చూడవచ్చును. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో వచ్చు లారీ సెకనుకు 16.7 మీటర్లు పోవును. నడుపువాడు చూచి, గ్రహించి, బ్రేకు మీద కాలు వేయుటకు ఒకటిన్నర సెకను పట్టిన, అంతలో 25 మీటర్లు గడచును. బ్రేకు పడిన తరువాత సెకను సెకనుకు 5 మీటర్ల చొప్పున వేగము తగ్గినను, ఆగులోపల మరి 28 మీటర్లు పోవును. మొత్తము 53 మీటర్లు. రోడ్డు తడిసియున్నను, బరువు హెచ్చినను ఇంకను ఎక్కువ. ముదురు రంగు చొక్కా తొడిగిన మనిషి మసక హెడ్‌లైటులో ఇంత దూరమునకు ముందే కనబడునని చెప్పలేము. పరావర్తకము తన మీద పడిన కాంతిని వచ్చిన దారినే త్రిప్పి పంపును. దానిలోని మూడు పలకలు ఒకదాని కొకటి లంబముగా నుండుటయే అందుకు కారణము. 2020లో కేంద్ర ప్రభుత్వము సైకిళ్ల పరావర్తకములకు నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు చేసినది. అది మంచిదే. కాని వెనుక వచ్చు ట్రాక్టరుకు హెడ్‌లైటే లేనప్పుడు పరావర్తకము పంపుటకు కాంతి ఎక్కడిది? తనంతట తాను వెలుగు ఎఱ్ఱదీపము అందుకే కావలసియున్నది.

సెల్లు చరిత్ర ఇక్కడ కొంచెము చెప్పవలెను, ఏలయన చవుక దీపముల రోగములలో చాలభాగము దానిలోనే పుట్టును. 1866లో ఫ్రాన్సు దేశీయుడు లెక్లాంషే నవసాగరపు ద్రావణముతో ఒక ఘటమును నిర్మించెను. 1880లలో కార్ల్ గాస్నరు ఆ ద్రావణమును ముద్దగా చేసి జింకు డబ్బాలో నింపెను. తలక్రిందులు చేసినను ఒలుకని సెల్లు అట్లు పుట్టినది. ఎవరెడీ సెల్లును, 1970ల తరువాత నెల్లూరు ప్రాంతమున తయారైన నిప్పో సెల్లును ఈ జాతివే. ఇందులో గమనింపవలసినది, జింకు డబ్బా పాత్ర మాత్రమే కాదు, అదే ఇంధనము. సెల్లు విద్యుత్తు నిచ్చుచుండ తన గోడను తానే తినుచుండును. చివరకు గోడకు చిల్లు పడి లోపలి ముద్ద బయటికి కారును. అయిపోయిన సెల్లును దీపములోననే నెలల తరబడి వదలిన వానికి తెల్లని, పచ్చని చిలుము బహుమానము.

ఇక డయోడు. ఎఱ్ఱని కాంతి నిచ్చు డయోడును 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ చేసెను. నీలి కాంతి మాత్రము చాలకాలము చిక్కలేదు. జపానులో అకసాకి, అమానో, నకమురా అను ముగ్గురి కృషి ఫలితముగా 1990ల ఆరంభమున అది సాధ్యమైనది. వారికి 2014లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమానము లభించెను. నీలి డయోడుపై పసుపుగా వెలుగు పూత వేసినచో కంటికి తెల్లని వెలుగగును. బల్బులో టంగ్‌స్టను తీగ కాగి వెలుగవలెను గనుక విద్యుత్తులో అధికభాగము వేడిగా పోవును. డయోడులో తీగ లేదు, కాగుట లేదు. అదే విద్యుత్తునకు బల్బుకంటె పదింతలు, నేడు అంతకు పైగా వెలుగు వచ్చుచున్నది. కుదుపునకు తెగుటకు అందులో తంతువే లేదు. కాబట్టి చవుక దీపము ఆరినంతనే డయోడు పోయినదనుకొనుట దాదాపుగా తప్పే. అందులో దృఢమైన భాగము అదే.

మరి గతుకులో ఆరుట ఏమి? దీపము విప్పి చూచిన సంగతి తెలియును. సెల్లుల గది కొంచెము వదులుగా నుండును. స్ప్రింగు సన్నని తీగతో చేసినది. గతుకు వచ్చినప్పుడు సెల్లు ఒక వెండ్రుకవాసి ఎగిరి, రెప్పపాటులో నూరవ వంతు కాలము స్ప్రింగును విడుచును. పాత టార్చిలో నైన ఆ క్షణము వెలుగు తగ్గి మరల వచ్చెడిది. కాని రబ్బరు మీట గల దీపములో మీట వెనుక ఒక చిన్న అర్ధవాహక పలుకు కలదు. ఒకమారు నొక్కిన వెలుగుట, మరల నొక్కిన మిణుకుట, మూడవమారు ఆరుట అను లెక్కను అదే జ్ఞాపకముంచుకొనును. విద్యుత్తు తెగిన క్షణమున ఆ జ్ఞాపకము పోవును. సెల్లు మరల తాకగానే అది పుట్టినప్పటి స్థితికి, అనగా ఆరియుండు స్థితికి వచ్చును. ఎంత చరిచినను వెలుగక, మీట నొక్కగానే వెలుగుటకు కారణమిది. టార్చి తప్పును క్షమించినది, ఈ పలుకు క్షమింపదు.

దీనికి చికిత్స ఖర్చు లేనిది. స్ప్రింగును వ్రేళ్లతో కొంచెము సాగదీయవలెను. సెల్లుకు, డబ్బా మూతకు నడుమ మడచిన కాగితము నుంచి సెల్లు కదలకుండ చేయవలెను. కాగితము కొనలపై గాక ప్రక్కన ఉండవలెనని వేరుగ చెప్పనక్కర లేదు. పిమ్మట దీపమును చేత బట్టి గట్టిగా ఊపి, అరచేత కొట్టి చూడవలెను. ఆరకున్నచో రోగము కుదిరినట్లే.

కుదరకున్నచో చిలుము చూడవలెను. మామూలు జింకు సెల్లు కార్చినది ఆమ్ల స్వభావము కలది. తడిపిన వంటసోడాతో తుడువవలెను. ఆల్కలైన్ అని వ్రాసియుండు సెల్లు కార్చినది క్షారము. దానికి నిమ్మరసమో, వెనిగరో అద్దిన దూది చాలును. ఒకదాని మందు రెండవదానికి వేసినందున ఫలితము లేదు. ఆమ్లమును క్షారము, క్షారమును ఆమ్లము తటస్థము చేయునని ప్రయోగశాలలో లిట్మసు కాగితముతో చూచినది ఇక్కడ ఇంటిలో కనబడును. కన్నులకు తగులకుండ చూచుకొని, తడి ఆరిన తరువాత స్ప్రింగును, పలకను ఉప్పు కాగితముతో మెరయునట్లు రుద్దవలెను.

తాకిడి చెడిన పాత టార్చి మసకబారెడిది, డయోడు దీపము మాత్రము మసకబారక హఠాత్తుగ ఆరును. ఈ భేదమునకు ఓము నియమము చాలును. పాత బల్బు 0.3 ఆంపియరు తీసికొనును. చిలుము వలన 5 ఓముల నిరోధము చేరినచో అక్కడనే 1.5 వోల్టులు, అనగా ఒక సెల్లంత, వృథాయగును. 0.02 ఆంపియరుతో తృప్తిపడు డయోడుకు అదే చిలుము వలన పోవునది 0.1 వోల్టు మాత్రమే. కనుక డయోడు చిలుమును చాలదూరము సహించును, పూర్తిగా తెగిన తాకిడిని మాత్రము సహింపదు. సెల్లు బలము చూచుటకు గోడగడియారములో పెట్టి చూచు అలవాటు కొందరికి కలదు. అది మోసపు పరీక్ష. గడియారమునకు కావలసిన ప్రవాహము మిక్కిలి స్వల్పము. దీపమునకు పనికిరాని సెల్లు గడియారమును నెలల పాటు నడుపగలదు.

ముందు దీపములలో మరియొక లోపము తయారీలోనే యుండును. మూడు సెల్లులు కలిసి 4.5 వోల్టులు. తెల్ల డయోడుకు కావలసినది దాదాపు 3.2 వోల్టులు. మిగిలిన 1.3 వోల్టులను భరించుటకు నిరోధ మొకటి యుండవలెను. 1.3ను 0.02చే భాగించిన 65 ఓములు వచ్చును. అంగడిలో దొరకు దగ్గరి నిరోధము 68 ఓములు. చవుక దీపములలో ఈ కొద్దిపాటి వెలగల నిరోధమును కూడ మిగుల్చుకొని, సెల్లు లోపలి నిరోధమునే నమ్ముకొన్నవి కలవు. క్రొత్త సెల్లులు వేసినప్పుడు మిరుమిట్లు గొల్పి, కొద్ది దినములకే ఒక డయోడు నల్లబడునది ఇట్టి దీపమే. ప్రతి డయోడుకు ఒక నిరోధము చొప్పున టంకము వేసిన అది ఏండ్ల తరబడి మన్నును.

టంకము వేయుట హైస్కూలు విద్యార్థికి మించిన పని కాదు. తీగ తెగునది ఎప్పుడును నడుమ కాదు, అతుకు మొదటనే. గట్టి టంకము, వంగు తీగ కలియుచోట కుదుపు అంతయు వచ్చి చేరును. అతికిన తరువాత తీగను డబ్బా గోడకు ఒక చుక్క లక్కతోనో జిగురుతోనో అంటించినచో కుదుపు అతుకు దాక రాదు. సీసము కలిసిన టంకమును వాడినవారు పని ముగియగనే చేతులు కడుగవలెను.

ఫోను ఛార్జరుతో నింపుకొను దీపములు నేడు ఎక్కువైనవి. వానిలో లిథియం సెల్లు ఉండును. దీనికి మాత్రము ఇంటి వైద్యము పనికిరాదు. ఉబ్బిన లిథియం సెల్లును గుచ్చుట, వంచుట, మరల నింపుట అగ్నిప్రమాదమునకు దారి. ఛార్జరు గుచ్చు చోట దుమ్ము తీయుట, వదులైన మరమేకు బిగించుట వరకే విద్యార్థి పని. ఆపైన సెల్లును మార్చించవలెను.

వానకాలమున మూత అంచున నుండు రబ్బరు వలయమును తీసి తుడిచి, కొంచెము వేజలైను పూసి మరల అమర్చిన నీరు లోనికి పోదు. చివరకు దీపమును సీటు క్రింది కడ్డీకి బిగించునపుడు దాని ముఖము నేలను గాని ఆకాశమును గాని చూడరాదు. సైకిలును నిలిపి, వెనుకకు ఏబది మీటర్లు, అనగా పెద్ద అంగలు డెబ్బది వేసి, తిరిగి చూడవలెను. లారీ నడుపువాడు ఎత్తున కూర్చుండును గనుక, ఒకమారు నిలుచుండియు, ఒకమారు గట్టెక్కియు చూచిన మంచిది. సీటు క్రింద వ్రేలాడు సంచియో, మోపు అంచో దీపమును కప్పుచున్నదని తెలియునది అక్కడనే. అట్లు కప్పినచో దీపమును కడ్డీ నుండి తీసి వెనుక మడ్‌గార్డుకు మార్చవలెను.